మగ కుందేలు మూత్రము చిమ్ముట: దిగువ డెల్టా పెరళ్ళలో చేయదగిన ఏర్పాట్లు

కృష్ణా డెల్టాకు దిగువ భాగమైన మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో ఊరు మెరక మీద, పొలము పల్లములో ఉండును. మెరక కొద్దిగానే ఉండును గనుక ఇళ్ళు దగ్గర దగ్గరగా కట్టుకొనిరి, పెరళ్ళు చిన్నవి. ఒక పెరటిలోని కంపు ప్రక్కవారి వంటయింటికి చేరుటకు ఎంతో సేపు పట్టదు. ఇట్టి చోట నాలుగు కుందేళ్ళను పెంచదలచిన కుటుంబమునకు మొదట ఎదురగు చిక్కు మేత కాదు, ధర కాదు. మగ కుందేలు మూత్రము. ప్రక్కింటివారితో మాటపట్టింపు వచ్చి, మంచి జాతి మగదానిని కారుచౌకగా అమ్మివేసి, దానితోపాటు పెంపకమునే మానుకొనువారు కలరు. కొద్దిపాటి ఏర్పాటుతో తప్పిపోవు నష్టమిది. ఆ ఏర్పాటు ఏదియో, అది ఎందుకు పనిచేయునో ఈ వ్యాసములో వివరించెదను.

ముందుగా ఆ జంతువు చేయు పని ఎట్టిదో చూడుడు. మగ పిల్ల నాలుగు నెలల వరకు సాధువుగా ఒక మూలన మూత్రము విడిచి, మరొక మూలన మేత తినుచుండును. నాలుగైదు నెలలు నిండి ఈడునకు వచ్చుసరికి దాని నడవడి మారును. బోనులో పరుగెత్తుచు, నడుమును ప్రక్కకు విసరి, మూత్రమును సన్నని ధారగా వెనుకకు చిమ్మును. ఆ ధార నేలమీదికి గాక బోను గోడ మీదికి, ప్రక్క బోనులోని ఆడ కుందేలు మీదికి, కొన్ని వేళల మేత వేయవచ్చిన మీ చీర మీదికి, ముఖము మీదికి కూడ వచ్చును. రెండు మూడడుగుల దూరము సునాయాసముగా పడును. మామూలు మూత్రమునకంటె దీని వాసన ఘాటైనది, త్వరగా వదలనిది.

ఇది రోగము కాదు, పొగరు కాదు, శుభ్రత తెలియకపోవుట అంతకన్నా కాదు. మనము పెంచు కుందేలు స్పెయిను, పోర్చుగల్ దేశముల నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా బ్రతికిన జంతువునకు సంతతి. (మన చేలగట్లలో కనబడు చెవులపిల్లి వేరు జాతి. అది బొరియలో ఉండదు, బోనులో బ్రతుకదు. దానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. ఈ రెండింటిని కలిపి చూడరాదు.) గుంపులో పెద్దరికము గల మగది తన హద్దులను, తన ఆడవాటిని వాసనతో గుర్తుపెట్టుకొనును. గడ్డము క్రింది గ్రంథిని రాయుట ఒక విధము, మూత్రము చిమ్ముట మరొక విధము. ఆస్ట్రేలియాలో మైకిటోవిచ్ అను శాస్త్రజ్ఞుడు 1950, 1960 దశకములలో అడవి కుందేళ్ళ గుంపులను ఏండ్ల తరబడి పరిశీలించి, గుంపులో పైచేయి గల మగది ఇతర మగవాటికంటె హెచ్చుగా గుర్తులు పెట్టుచుండునని చూపినాడు. అనగా, మీ బోనులోని మగది చేయుచున్నది పొలము గట్టుకు సరిహద్దు రాయి పాతుట వంటి పని. ఎదుట మరొక మగది ఉన్నను, ప్రక్కన ఆడది ఎదకు వచ్చి ఉన్నను, ఎవరో క్రొత్తవారి వాసన తగిలినను, రాయి కదిలినట్లే దానికి తోచి, తిరిగి పాతుటకు పూనుకొనును.

కావున సంతానమునకు ఉంచుకొన్న మగదాని చేత ఈ పనిని పూర్తిగా మాన్పించుట సాధ్యము కాదు. మనము చేయగలిగినవి మూడు: చిమ్ము మగవాటి సంఖ్యను తగ్గించుట, చిమ్ముటకు కలుగు కారణములను తగ్గించుట, చిమ్మినది మనము కోరిన చోట పడునట్లు చేయుట.

గుడివాడ ప్రాంతపు గ్రామములో ఒక పెద్దాయన, "ఏమండీ ఆఫీసరు గారూ, నాలుగు తగిలిస్తే బుద్ధి రాదా దీనికి?" అని అడిగినాడు. "బుద్ధి రాదు బాబాయి గారూ, బెదురు వచ్చును; బెదిరినది ఇంకను చిమ్మును" అని చెప్పవలసి వచ్చినది. కుందేలు వెన్నెముక చాల సున్నితము. భయపడి కాళ్ళు గట్టిగా విదిలించుకొన్నను నడుము విరిగి, వెనుక కాళ్ళు పడిపోవును. దీనికంటె చెడ్డ వైద్యము మరొకటి కలదు: మూత్రము తగ్గునని నీళ్ళు తగ్గించుట. దీనిని ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. నీరు లేని కుందేలు మేత ముట్టదు; మేత మానిన కుందేలు ప్రేగులు ఒకటి రెండు రోజులలోనే స్తంభించి ప్రాణము మీదికి వచ్చును. పైగా నీరు తగ్గినచో మూత్రము చిక్కబడి కంపు హెచ్చునే గాని తగ్గదు. మూడవది, ధార బయటికి రాకుండ నాలుగు వైపుల రేకు బిగించుట. బందరు వేసవిలో, ఆ ఉక్కపోతలో, అట్టి పెట్టెలోని జంతువు ఒక మధ్యాహ్నములోనే చచ్చిపోవును.

మగవి ఎన్ని కావలెను?

ఎనిమిది, పది ఆడ కుందేళ్ళకు ఒక మగది చాలును. అది జబ్బుపడినచో పని ఆగకుండ రెండవ దానిని ఉంచుకొనుట తెలివైన పని. అంతకు మించి అక్కరలేదు. కాని "యూనిట్" అను పేరుతో పది కుందేళ్ళను కట్టగట్టి అమ్మువారు ఏడు ఆడవి, మూడు మగవి ఇచ్చుచున్నారు. ఏడింటికి మూడు మగవి ఎందుకని కొనువాడు అడుగడు. అడుగనందుకు మూడింటి మేత, మూడింటి కంపు వాని నెత్తిన పడును. మగది మగదానిని చూచిన కొలది చిమ్ముట హెచ్చును గనుక మూడు మగవి కలిసి ఒక్కదానికి మూడింతలు గాక, అంతకు మించి పాడుచేయును. పిల్లలను తిరిగి మేమే కొందుమని ఆశ చూపి జతలను అంటగట్టువారి విషయమున మరింత జాగ్రత్త అవసరము. కొనుటకు ముందే మగవాటి సంఖ్యను మీరే చెప్పుడు.

మీ ఇంట పుట్టిన మగ పిల్లల సంగతి వేరు. వాటిని మూడు నెలల వయస్సులో, సుమారు రెండు కిలోల తూకమునకు వచ్చినప్పుడే అమ్మివేసినచో చిమ్ము ఈడు రాకముందే అవి మీ పెరడు దాటిపోవును. ఇంకొక నెల ఉంచినచో బరువు పెరుగునని ఆశపడుట సహజమే. కాని మూడు నెలలు దాటిన పిమ్మట తిన్న మేతకు వచ్చు బరువు తగ్గుచుండును. నాలుగవ నెల నుండి మగవి ఒకదానినొకటి కరచుకొనుట, వృషణములను చీల్చుకొనుట, ఆడ పిల్లలను వేళగాని వేళ చూడి చేయుట ఆరంభమగును. మూడు నెలలలోపే ఆడ, మగ గుర్తించి వేరుచేయుట తప్పనిసరి. ముద్దుకు పెంచుకొను మగదానికి, సంతానమునకు అక్కరలేని దానికి విత్తులు తీయించినచో కొన్ని వారములలో చిమ్ముట, వాసన చాలవరకు తగ్గును. కాని ఇది పశువైద్యుడు మత్తు ఇచ్చి చేయవలసిన పని. మేకపోతులకు చేయు నాటు పద్ధతి దీనికి పనికిరాదు. విత్తులు తీసిన పిదప కూడ నెల, నెలన్నర వరకు అది ఆడదానిని చూడి చేయగలదు గనుక అన్నాళ్ళు వేరుగానే ఉంచవలెను.

బోను ఎక్కడ పెట్టవలెను?

మన ప్రాంతపు గాలిని బట్టి చోటు నిర్ణయింపవలెను. వేసవి సాయంకాలములలో దక్షిణము నుండి, సముద్రము వైపు నుండి పైరగాలి వీచును. జనము అరుగుల మీద, వాకిళ్ళలో కూర్చుండునది, పడుకొనునది అప్పుడే. జూను నుండి పడమటి గాలి. కార్తీకము మొదలు ఈశాన్యపు గాలి. ఏడాది పొడుగునా ఇంటికి క్రిందిగాలిన ఉండు చోటు మన ఊళ్ళలో దొరకదు. కాని మూడు కాలములలో కంపు ఎక్కువ బాధించునది వేసవి సాయంకాలములలోనే గనుక, ఇంటికి ఉత్తరపు వైపు పెరటిలో మగదాని బోను ఉండుట మేలు. శీతకాలములో గాలి ఇంటివైపు తిరిగినను అప్పుడు తలుపులు మూసికొని పడుకొందుము. చలికి కంపు కూడ కొంత అణగి యుండును. మీ ఇంటికి ఉత్తరమున మరొకరి వాకిలి ఉన్నచో ఈ లెక్క తలక్రిందులగును. అప్పుడు ముందుగా వారితో మాటాడుకొనుట మంచిది.

బోనులను అంతస్తులుగా పేర్చు అలవాటు మనవారికి కోళ్ళ పెంపకము నుండి వచ్చినది. మగ కుందేలును పై అంతస్తులో ఎన్నడును పెట్టరాదు. చిమ్మినదంతయు క్రింది వాటి మేతలో, నీటిలో, కండ్లలో పడును. క్రింది అంతస్తు నేలకు దగ్గరగా నుండి మన వానలకు ముంపు తగులును. ఒకే వరుసగా, నేలకు మూడడుగుల ఎత్తున అమర్చుటయే డెల్టాకు తగినది. కాళ్ళ క్రింద నీటి పళ్ళెములు ఉంచినచో చీమలు ఎక్కవు.

మగదానిని వరుసలో చివర ఉంచి, దానికి, ప్రక్క దానికి నడుమ ఒక బోను మేర ఖాళీ గాని, అడ్డు పలక గాని ఉండవలెను. రెండు మగవి ఉన్నచో ఒకటి వరుసకు ఈ కొసన, రెండవది ఆ కొసన, ఒకదానికొకటి కనబడకుండ ఉండవలెను. ఈనిన తల్లి, దాని పిల్లల గూడు మగదానికి ఎంత దూరమైన అంత మంచిది.

ఇక ధారను పట్టు ఉపాయము. బోను గోడకు రేకు కొట్టక, వలకు వెలుపల నాలుగు అంగుళముల ఎడముగా ఒక తెరను వ్రేలాడదీయుడు. వెనుక వైపున, ఇంటివైపున, ప్రక్క బోను వైపున, అనగా మూడు వైపుల చాలును. ముందు వైపు తెరచి యుండవలెను. వలకు, తెరకు నడుమ గాలి ఆడును. ధార వలను దాటి తెరకు తగిలి క్రిందికి కారును. తెర క్రింది అంచును బోను అడుగు క్రిందికి లోపలికి వంచి కట్టినచో అది క్రింది మట్టి పరుపు మీదనే పడును. దీనికి కొనవలసినది ఏమియు లేదు. పాత ఫ్లెక్సీ గుడ్డ చాలును; ఎన్నికలు, పండుగలు, పుట్టినరోజులు వెళ్ళిన పిదప మన ఊళ్ళలో దానికి కరువు లేదు. వెలుపల ఉండును గనుక కుందేలు కొరుకదు. వారమునకు ఒకమారు విప్పి కడిగి ఎండవేయవచ్చును. రెండు తెరలు ఉంచుకొని మార్చి మార్చి కట్టుట ఇంకను సుఖము.

బోను అడుగునకు జింకు పూత గల ఇనుప వల వాడుదురు. నాగాయలంక, కోడూరు, బందరు తీరములో ఉప్పుగాలి, మూత్రము రెండును కలిసి దానిని త్వరగా తినివేయును. తుప్పు పట్టిన వలయే పాదముల పుండ్లకు మొదటి కారణము. నెలకు ఒకమారు అడుగును అరచేతితో తడిమి చూడవలెను. మీ చేతికి గుచ్చుకొన్నది దాని పాదమునకు గుచ్చుకొనక మానదు. వెదురు బద్దల అడుగు చౌకయే కాని మూత్రమును పీల్చుకొనును. మగదాని బోనుకు అది తగదు.

జతకట్టించు వేళ

ఆడదానినే మగదాని బోనులోనికి తీసికొని పోవలెను. మగదానిని ఆడదాని బోనులో విడిచినచో క్రొత్త చోటును వాసన చూచుచు, చిమ్ముచు తిరుగును; ఆడది తన చోటు కాపాడుకొనుటకు కరచును. ఆడదానిని తెచ్చినచో పని కొద్ది నిమిషములలో ముగియును. ఉదయము చల్లని వేళ చేసి, పని కాగానే ఆడదానిని తిరిగి తీసికొని పోవలెను. కుందేలులో అండము విడుదల అగుట జతకట్టిన మీదట పది పండ్రెండు గంటలకు జరుగును గనుక రోజంతయు కలిపి ఉంచుట వలన లాభము లేదు. ఆడదాని మీద ధార పడినచో పొడి గుడ్డతో తుడిచిన చాలును. ముప్పది ముప్పదిరెండు రోజులకు ఈనును.

వారమునకు రెండు మూడు మారులు జతకట్టు మగది నిలుకడగా ఉండును. నెలల తరబడి ఆడవాటిని చూచుచు ఒంటరిగా నున్న మగది ఎక్కువ చిమ్ముటను పెంచువారు గమనించియే యుందురు. మేత వేయుటలో కూడ ఒక క్రమము పాటింపుడు: ముందు మగదానికి వేసి, తరువాత ఆడవాటి వద్దకు పొండు. ఆడవాటిని తాకిన చేతితో, అదే గుడ్డతో మగదాని వద్దకు పోయినవారి మీదనే తరచుగా ధార పడును. కంటిలో పడినచో మంచినీటితో బాగుగా కడుగుకొనవలెను.

కడుగుటలో జరుగు పొరపాట్లు

కుందేలు మూత్రమునకు ఒక ప్రత్యేక గుణము కలదు. అది క్షార గుణము గలది. అందు సున్నపు పదార్థము హెచ్చు. ఇతర పశువులు మేతలోని సున్నములో తమకు కావలసినంతే ప్రేగుల నుండి గ్రహించి, తక్కినది పేడలో విడిచిపెట్టును. కుందేలు దొరికినదంతయు గ్రహించి, అదనపు దానిని మూత్రములో వెళ్ళగొట్టును. అందుచేతనే బోను క్రింద, వల మీద తెల్లని గట్టి పెచ్చు కట్టును. వాసన దాగి యుండునది ఆ పెచ్చులోనే. సబ్బుతో అది పోదు. పుల్లనిది ఏదైనను దానిని కరగించును. బజారులో దొరకు నిమ్మ ఉప్పును చెంబు నీటికి రెండు చెంచాలు కలిపి, పెచ్చు మీద పోసి, పావుగంట ఆగి కుంచెతో తోమినచో వదలును. వెనిగర్ కూడ అట్లే పనిచేయును. చింతపండు పిప్పి వంటింట ఉన్నచో అదియును పనికివచ్చును.

మనవారు సాధారణముగా చల్లునది సున్నము, బూడిద, బ్లీచింగ్ పౌడరు. ఈ మూడింటిని గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది.

మూత్రములోని యూరియా సూక్ష్మజీవుల వలన విడిపోయి అమ్మోనియా అగును. కండ్లు మండించు కంపు అదియే. పచ్చి మూత్రముపై సున్నము గాని బూడిద గాని చల్లినచో క్షారము పెరిగి, అమ్మోనియా మరింత వేగముగా గాలిలోనికి లేచును. చల్లిన వెంటనే ఘాటు పెరుగుట మీరే గమనింపవచ్చును. పొయ్యి బూడిద వలన తడి ఆరినట్లు కనబడునే గాని అందులోని నత్రజని, అనగా మీ పొలమునకు రావలసిన ఎరువు, ఆకాశమునకు పోవును. కుందేళ్ళ కండ్లు చెమర్చి, ముక్కు కారి, తుమ్ములు పట్టుకొనును. అమ్మోనియాచే దెబ్బతిన్న ముక్కు పొరలలో పాస్చురెల్లా సూక్ష్మజీవులు తేలికగా కాలూనును. సున్నము వేయదలచినచో, కడిగి ఆరిన గోడకు, స్తంభములకు వెల్లగా వేయుడు. మూత్రము మీద వేయకుడు.

బ్లీచింగ్ పౌడరు మూత్రముతో కలిసినచో ఊపిరితిత్తులకు హాని చేయు వాయువులు పుట్టును. నిమ్మ ఉప్పుతో, వెనిగర్‌తో కలిసినచో క్లోరిన్ వాయువే వెలువడును. బోనులలో జంతువులుండగా, పిల్లలు ప్రక్కన ఆడుకొనుచుండగా ఈ రెంటిని కలుపుట ప్రమాదము. బ్లీచింగ్ వాడక తప్పనప్పుడు జంతువులను వేరుచోటికి తీసి, మూత్రమును, పులుసు ద్రవమును నీటితో పూర్తిగా కడిగిన మీదటనే వాడి, ఆరిన తరువాత తిరిగి పెట్టవలెను.

ఇంకొక సంగతి. ఘాటైన ఫినాయిలు వాసన తగిలినచో మగది తన గుర్తు చెరిగిపోయినదని భావించి ఆ క్షణమే మరల చిమ్మును. ఉదయము ఫినాయిలుతో కడిగితిమి, మధ్యాహ్నమునకు ఎప్పటివలెనే ఉన్నదని విసుగుకొనువారికి కారణమిదియే. బోనునంతటిని ఒకే దినమున కడుగక, ఈ వారము రెండు వైపులు, వచ్చు వారము తక్కిన వైపులు కడుగుడు.

బోను క్రింద నల్లమట్టి పరుపు

పశువైద్యము నా శాఖ కాదు గాని ఎరువు నా శాఖ. అందుచేత ఈ భాగమును కొంత నిక్కముగా చెప్పగలను. ఎదిగిన కుందేలు దినమునకు పావు లీటరు నుండి అర లీటరు వరకు మూత్రము విడుచును. అందులో చిమ్మునది కొద్దిభాగమే. తక్కినదంతయు బోను క్రింద పడును. కంపును జనులు చిమ్ము ధారకు అంటగట్టుదురు గాని, అది ప్రధానముగా వచ్చునది క్రింద నిలిచి కుళ్ళిన పాత మూత్రము నుండియే. తెర కట్టియు, క్రింద బురదను అట్లే ఉంచినచో సగము పనియే జరిగినట్లు.

దీనికి మన నల్లరేగడి మట్టిని మించిన సాధనము లేదు. ఎండిన నల్లమట్టి తడిని పీల్చుకొనుటయే గాక, అమ్మోనియాను తన రేణువులకు పట్టి ఉంచుకొను శక్తి కలది; ఇసుకకు ఆ శక్తి లేదు. ఏప్రిల్, మే నెలలలో పొలము నెఱ్ఱెలు విచ్చి, బెడ్డలు ఎండి యున్నప్పుడు పది గోనె సంచుల మట్టి తెచ్చి, శనగగింజంత పరిమాణమునకు నలుగగొట్టి, వాన తగులని చోట దాచుకొనుడు. ఎండినప్పుడే దానికి ఈ గుణము. తడిసిన నల్లమట్టి బంకయై నీటిని నిలువచేయును. బోను క్రింద మూడు నాలుగు అంగుళముల మందమున పరచి, దానిపై తరిగిన వరిగడ్డి పలుచగా వేయుడు. గుడివాడ వైపు బియ్యపు మిల్లుల ఊక చేతికందుబాటులో నున్నదని దానినే పరచువారు కలరు. ఊక తడిని అంతగా పీల్చదు, క్రిందికి జారవిడుచును. రంపపు పొట్టు దానికంటె మేలు.

పరుపు మీద రెండు మూడు రోజులకు ఒకమారు సింగిల్ సూపర్ ఫాస్ఫేటును పలుచగా చల్లుడు. గంపెడు పెంటకు గుప్పెడు చాలును. అది పుల్లని గుణము గలది. అందు జిప్సము కూడ ఉండును. లేవబోవు అమ్మోనియాను అది లవణముగా మార్చి అణచిపెట్టును. కంపు తగ్గును, నత్రజని నిలుచును, భాస్వరము కలియును. బోను లోపల మాత్రము చల్లరాదు, మేతకు తగులనీయరాదు. పైపొర తడిసి నల్లబడగానే పారతో తీసి గుంటలో వేసి, క్రొత్త మట్టి పరువవలెను. మామూలు రోజులలో వారమునకు ఒకమారు, వానలలో మూడు రోజులకు ఒకమారు. పెంట తడిగా నిలిచినచో రక్తపారుడు రోగమును కలిగించు కాక్సిడియా గ్రుడ్లు అందులో ఒకటి రెండు దినములలోనే రోగము అంటించు స్థితికి వచ్చును గనుక వల మీద చిక్కిన పెంటను మాత్రము ప్రతిదినము దులుపవలెను.

ఈ మట్టి ఎరువు పశువుల పేడకంటె బలమైనది. బీర, ఆనప, దొండ పాదులకు, అరటి మొదళ్ళకు, చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల వైపు పసుపు చేలకు అమరును. పచ్చిగా గాక రెండు నెలలు గుంటలో మాగిన పిదప వేయుట మేలు. మూత్రమును విడిగా పట్టినవారు పది పాళ్ళ నీటితో కలిపి మొదలుకు ఒక జానెడు దూరమున నేలలో పోయవలెను. ఆకుల మీద పోసినచో మాడును. కోడూరు, నాగాయలంక వైపు ఉప్పు, చౌడు నేలలలో మూత్రమును మరల మరల పోయరాదు, దానిలోను లవణములున్నవి. మట్టి ఎరువుగానే వాడుడు.

వానలలో, మేతలో గమనింపవలసినవి

గుంట చుట్టు అడుగు ఎత్తున గట్టు, పైన తాటాకు పందిరి ఉండవలెను. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను కృష్ణకు వచ్చిన వరదలను దివిసీమ లంకవారు మరచియుండరు. వరద హెచ్చరిక వచ్చినప్పుడు బోనులతోపాటు గుంటను గూర్చి కూడ ఆలోచించి, అందులోని ఎరువును మెరక చేనికి చేరవేసినచో అది చేతిపంపు చుట్టు చేరదు. తుపాను వేళ తూర్పు, ఉత్తరముల వైపు గోనెలు కట్టి జల్లును ఆపుడు. వాన వెలియగానే విప్పుడు.

వరి కోత అయిన పిమ్మట మన పొలములలో పిల్లిపెసర పుష్కలము. కుందేళ్ళు ఇష్టపడి తినును. కాని కాయధాన్యపు జాతి మేతలలో సున్నము హెచ్చు. పిల్లిపెసరనే కడుపునిండ మేపినచో మూత్రము మజ్జిగ వలె తెల్లబడి, పెచ్చు రెండింతలు కట్టును. గరిక, పారాగడ్డి సగమునకు పైగా ఉండి, పిల్లిపెసర, అవిసె ఆకు తోడుగా ఉండవలెను. మూత్రము పసుపు నుండి ఇటుక ఎరుపు వరకు రంగు మారుట మేతలోని వర్ణ పదార్థముల వలన కలుగును, అంతమాత్రమున భయపడనక్కరలేదు.

భయపడవలసినవి వేరు. మూత్రము ధారగా చిమ్మక బొట్లుబొట్లుగా కారి తొడలు ఎల్లప్పుడు తడిసి యుండుట, ముక్కుచు ముక్కుచు విడుచుట, నెత్తుటి చారలు, తడికి చర్మము ఎఱ్ఱబడి వెండ్రుకలు రాలుట. ఇవి చిమ్ము అలవాటు కాదు, రోగ లక్షణములు; వెంటనే పశువైద్యునికి చూపవలెను. ఎప్పుడును చిమ్ము మగది మే నెలలో హఠాత్తుగా మాని, చెవులు వ్రేలాడవేసి, వేగముగా ఊపిరి తీయుచున్నచో అది ఎండదెబ్బ. 30 డిగ్రీలకు మించిన వేడి రోజుల తరబడి ఉన్నచో వీర్యము పలుచబడును. చల్లబడిన పిదప కూడ తిరిగి కుదుటపడుటకు సుమారు రెండు నెలలు పట్టును. సముద్రతీరపు ఉక్కలో తడి గోనెలకంటె గాలి ఆడుటయే ఎక్కువ మేలు చేయును. వేసవిలో ఆడవి చూడి నిలువనందుకు మగదానిని మార్చివేయక ఆగస్టు వరకు చూడుడు.

గ్రామోద్యోగులకు ఒక మాట. పెరటి కుందేళ్ళ కంపును గూర్చి ఫిర్యాదు వచ్చినప్పుడు బోనులను తీసివేయుమనుటకు ముందు మూడు సంగతులు చూడుడు: మగవి ఎన్ని ఉన్నవి, బోను క్రింద నేల పొడిగా ఉన్నదా, ఇంటివైపు తెర ఉన్నదా. చూచు తీరు ఇది: బోను ఎత్తునకు వంగి, కుందేలు ముక్కు ఉండు చోట మీరు ఊపిరి పీల్చుడు. నిలబడి చూచినప్పుడు తెలియని ఘాటు అక్కడ తెలియును. అక్కడ కండ్లు మండనిచో ప్రక్కింటివారికి బాధ కలుగుట అరుదు. మండినచో మట్టి మార్పించి, వారము గడువిచ్చి మరల చూడుడు.

క్రొత్తగా మగదానిని కొనువారు న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులను అడుగుచుందురు. తమిళనాడు కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంతీయ కేంద్రము మాంసపు జాతి కుందేళ్ళపై పనిచేయుచున్నది. జాతి, రోగములను గూర్చి గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వారిని అడుగవచ్చును. కొండ చలిలో పెరిగిన దానిని మన ఎండలకు మేలో తేక, నవంబరు, డిసెంబరులలో తెచ్చుట మంచిది. తెచ్చిన మొదటి పదిహేను దినములు అది చోటు క్రొత్త వలన మామూలుకంటె హెచ్చుగా చిమ్మును. కావున తెర ముందే కట్టి, మట్టి ముందే పరచి, పిదప దానిని తీసికొని రండు.